తప్పులు పెట్టెలోనే జరగాలి.. రోగిపై కాదు!

* శస్త్రవైద్య విద్యార్థులకు అనుకరణ శిక్షణ ఎందుకు అవసరం?
* జిల్లా ఆసుపత్రులకు పీజీ వైద్యులు వస్తున్న వేళ తెలుసుకోవలసిన సంగతులు

"ఆపరేషన్‌ చేసేది పెద్ద డాక్టరుగారేనా, చదువుకుంటున్న డాక్టరా?" ప్రభుత్వ ఆసుపత్రుల వార్డుల్లో రోగుల బంధువులు నర్సమ్మను చాటుగా అడిగే ప్రశ్న ఇది. అడగడంలో తప్పేమీ లేదు. సమాధానం చెప్పడమే కష్టం. నేటి పెద్ద డాక్టరు సైతం ఒకనాడు చదువుకున్న డాక్టరే. ఆయన చేతికి తొలిసారి కత్తి అందిననాడు బల్లపై ఎవరో ఒక రోగి పడుకొనే ఉంటారు. తనకు నచ్చిన వైద్యుణ్ణి ఎంచుకునే స్తోమత లేని పేదలే సాధారణంగా ఆ స్థానంలో ఉంటూ వచ్చారన్నది వైద్యవిద్య చరిత్రలో దాచలేని నిజం.

శస్త్రచికిత్స పుస్తకం చదివితే పట్టుబడే విద్య కాదు. చేతితో చేయగా చేయగా వచ్చేది. నేర్చుకునేటప్పుడు తప్పులు దొర్లకుండా ఉండవు. అయితే ఆ తొలి తప్పులు మనిషి దేహంపై కాకుండా ఒక పెట్టెలోనో, బొమ్మపైనో, మేక కంటిపైనో, కంప్యూటర్‌ తెరపైనో జరిగేలా చూడవచ్చు. దీనినే సిమ్యులేషన్‌ శిక్షణ అంటారు. తెలుగులో అనుకరణ శిక్షణ అనవచ్చు. విమానం నడిపేవారికి ఈ పద్ధతి కొత్త కాదు. అమెరికాకు చెందిన ఎడ్విన్‌ లింక్‌ 1929లోనే నేలమీద నిలిపి ఉంచిన యంత్రంలో కూర్చోబెట్టి విమానం నడపడం నేర్పే సాధనాన్ని తయారుచేశారు. వైద్యరంగం ఈ దారి పట్టడానికి చాలా కాలం పట్టింది.

జిల్లాకు ఏమిటి సంబంధం?

అనుకరణ శిక్షణ మహానగరాల్లోని పెద్ద కళాశాలల వ్యవహారమని అనుకోవడానికి వీల్లేదు. దేశంలో వైద్య పీజీ విద్యార్థులందరూ మూడు నెలలపాటు జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో పనిచేయాలని 2020లో నిబంధన తెచ్చారు. 2021లో చేరిన విద్యార్థుల నుంచి అది వర్తించింది. దీని పేరు జిల్లా రెసిడెన్సీ కార్యక్రమం. మూడేళ్ల పీజీ చదువులో మూడు, నాలుగు, అయిదు సెమిస్టర్లలో ఏదో ఒకదానిలో వారిని జిల్లాలకు పంపుతారు. అంటే శస్త్రవైద్యంలో కనీసం ఏడాది శిక్షణ పొందిన యువ వైద్యులు మన ఆసుపత్రుల్లో, ఇక్కడి నిపుణుల పర్యవేక్షణలో పనిచేస్తారు. వైద్యుల కొరత ఉన్నచోట ఇది మేలు చేసే ఏర్పాటే. ఇక్కడికి వచ్చేనాటికి వారి చేతులు ఎంత సాధన చేశాయన్నదే రోగికి ముఖ్యం.

చూడు.. చెయ్యి.. నేర్పు

ఆధునిక శస్త్రవైద్య శిక్షణకు ఒక రూపం ఇచ్చిన వ్యక్తి విలియం హాల్‌స్టెడ్‌. అమెరికాలోని బాల్టిమోర్‌ నగరంలో 1889లో ప్రారంభమైన జాన్స్‌ హాప్కిన్స్‌ ఆసుపత్రిలో ఆయన ఈ విధానాన్ని నెలకొల్పారు. విద్యార్థి ఏళ్ల తరబడి ఆసుపత్రిలోనే ఉంటూ, గురువు పక్కన నిలబడి చూస్తూ, క్రమక్రమంగా పెద్ద బాధ్యతలు స్వీకరించడం ఇందులోని మూలసూత్రం. ఆసుపత్రిలోనే నివాసం ఉండేవారు కనుక 'రెసిడెంట్‌' అన్న పేరు స్థిరపడింది. 'ఒకటి చూడు, ఒకటి చెయ్యి, ఒకటి నేర్పు' అన్న నానుడి ఈ వాతావరణంలోనే వైద్య లోకంలో వ్యాపించింది.

పొట్టను పెద్ద కోతతో తెరిచి చేసే ఆపరేషన్లకు ఈ పద్ధతి చాలాకాలం సరిపోయింది. గురువు, శిష్యుడు ఎదురెదురుగా నిలబడతారు. ఇద్దరి చేతులూ ఒకే చోట ఉంటాయి. శిష్యుడి చేయి దారి తప్పితే గురువు వెంటనే పట్టుకోగలరు. సన్నని రంధ్రాల గుండా చేసే ఆపరేషన్లు వచ్చాక ఈ వెసులుబాటు చాలావరకు పోయింది.

చేయి కుడికి.. పరికరం ఎడమకు

కుటుంబ నియంత్రణ శిబిరాల పుణ్యమా అని 'ల్యాప్రోస్కోపీ' అన్న మాట పల్లెల్లోనూ సుపరిచితమే. అదే పద్ధతిలో గాల్‌బ్లాడర్‌ను, అంటే పిత్తాశయాన్ని తొలగించే ఆపరేషన్‌ను జర్మనీ వైద్యుడు ఎరిక్‌ మూహె 1985లో తొలిసారి చేశారు. మన దేశంలో 1990లో ముంబయిలోని జె.జె. ఆసుపత్రిలో డాక్టర్‌ టెహెమ్టన్‌ ఉద్వాడియా దీనికి శ్రీకారం చుట్టారు. పిత్తాశయంలో రాళ్లకు నేడు ఎక్కువగా చేసేది ఈ ఆపరేషనే.

రోగికి ఇది వరం. కోత చిన్నది. నొప్పి తక్కువ. త్వరగా ఇంటికి వెళ్లవచ్చు. వైద్యుడికి మాత్రం ఇది కొత్త కష్టాలు తెచ్చింది. పొట్టలోకి బొగ్గుపులుసు వాయువు నింపి, నాలుగు చిన్న రంధ్రాల గుండా కెమెరాను, పొడవాటి సన్నని పరికరాలను పంపుతారు. వైద్యుడి కళ్లు రోగి పొట్టమీద కాక టీవీ తెరమీద ఉంటాయి. తెరమీది బొమ్మకు పొడవు, వెడల్పులే తప్ప లోతు తెలియదు. వేళ్లతో తాకి చూసే అవకాశం ఉండదు. పైగా పరికరం రంధ్రం వద్ద ఆనుకొని తిరుగుతుంది కనుక చేయి కుడికి కదిపితే లోపలి కొస ఎడమకు పోతుంది. చేయి పైకెత్తితే కొస కిందికి దిగుతుంది. పడవ చుక్కాని పట్టినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. పిడిని కుడికి నెడితే పడవ ఎడమకు తిరుగుతుంది. తొలిరోజు తికమకపడని మనిషి ఉండడు. సాధన మీద చేతికి అలవాటవుతుంది. ఆ తికమక రోజులు ఎక్కడ గడవాలన్నదే అసలు ప్రశ్న.

తొలి ముప్ఫై కేసులు

తికమక ఎంత ఖరీదైనదో 1995లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టి చూపింది. సదరన్‌ సర్జన్స్‌ క్లబ్‌ అనే వైద్యుల సంఘానికి చెందిన 55 మంది శస్త్రవైద్యులు కొత్త పద్ధతిలో చేసిన 8,839 పిత్తాశయ ఆపరేషన్లను పరిశీలించారు. వాటిలో 15 మంది రోగులకు పైత్యరస నాళం దెబ్బతింది. ఈ గాయాల్లో 90 శాతం ఆయా వైద్యులు చేసిన తొలి 30 ఆపరేషన్లలోనే జరిగాయి. ఒక వైద్యుడి మొదటి ఆపరేషన్‌లో ఈ గాయం జరిగే అవకాశం 1.7 శాతం కాగా, యాభయ్యో ఆపరేషన్‌ నాటికి అది 0.17 శాతానికి తగ్గుతుందని అంచనా వేశారు. అంటే పదోవంతు. వీరంతా అప్పటికే పొట్ట తెరిచి ఆపరేషన్లు చేయడంలో చేయి తిరిగినవారు కావడం గమనార్హం.

పైత్యరస నాళానికి గాయమంటే చిన్న విషయం కాదు. కాలేయం నుంచి పేగులోకి పైత్యరసాన్ని తీసుకువెళ్లే నాళమది. పిత్తాశయాన్ని అంటిపెట్టుకున్న చిన్న గొట్టమని పొరబడి దానిని కత్తిరిస్తే రసం పొట్టలోకి కారుతుంది, లేదా దారి మూసుకుపోయి కామెర్లు వస్తాయి. మరో పెద్ద ఆపరేషన్‌ అవసరం కావచ్చు. నాలుగు రోజుల్లో ఇల్లు చేరవలసిన కూలీ నెలల తరబడి పెద్దాసుపత్రుల చుట్టూ తిరగవలసి వస్తుంది. గణాంకాల్లో అది ఒక శాతంలో చిన్న భాగం. ఆ కుటుంబానికి నూటికి నూరు శాతం.

పెట్టెలో ఏముంటుంది?

అనుకరణ శిక్షణలో అన్నిటికన్నా సాదా సాధనం 'బాక్స్‌ ట్రెయినర్‌'. పొట్టకు బదులు ఒక పెట్టె. పైన రంధ్రాలు. లోపల దీపం, కెమెరా. ఎదురుగా తెర. రంధ్రాల గుండా అసలు పరికరాలనే పంపి, తెరను చూస్తూ పనిచేయాలి.

కెనడాలోని మెక్‌గిల్‌ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న పరీక్షల ఆధారంగా అమెరికా శస్త్రవైద్యుల సంఘం ఒకటి 'ఫండమెంటల్స్‌ ఆఫ్‌ ల్యాపరోస్కోపిక్‌ సర్జరీ' అనే కోర్సును రూపొందించింది. ఇందులో చేతిపని అంశాలు అయిదు.

* ఒక వైపు మేకులకు ఉన్న ఆరు చిన్న వస్తువులను ఒక చేతి పరికరంతో ఎత్తి, గాలిలోనే రెండో చేతి పరికరానికి అందించి, రెండో వైపు మేకులకు తగిలించాలి. మళ్లీ వెనక్కి తేవాలి.
* గాజుగుడ్డపై గీసిన వృత్తాన్ని గీత దాటకుండా కత్తిరించాలి.
* ఉచ్చులాంటి దారాన్ని గుర్తు పెట్టిన చోటనే బిగించాలి.
* కుట్టు వేసి, ముడిని బయట వేసి లోపలికి జార్చాలి.
* కుట్టు వేసి, ముడిని పెట్టె లోపలే పరికరాలతో వేయాలి.

చూడటానికి పిల్లల ఆటలా ఉన్నా మొదటి అంశమే కొత్తవారికి చెమటలు పట్టిస్తుంది. వస్తువు చేజారకుండా 48 సెకన్లలో పూర్తిచేయాలన్నది నిపుణుల పనితీరును బట్టి నిర్ణయించిన లక్ష్యం. అదీ ఒక్కసారి కాదు, పదేపదే సాధించి చూపాలి. 2009-10 విద్యా సంవత్సరం నుంచి జనరల్‌ సర్జరీ శిక్షణ ముగించేవారు ఈ పరీక్షలో ఉత్తీర్ణులైతేనే తమ ధ్రువపత్రానికి అర్హులని అమెరికన్‌ బోర్డ్‌ ఆఫ్‌ సర్జరీ నిర్దేశించింది. సర్జరీ రెసిడెన్సీ కోసం అక్కడికి వెళ్లిన తెలుగు యువ వైద్యులు సైతం ఈ పెట్టె ముందు కూర్చోక తప్పలేదు.

పెట్టెలో నేర్చింది పొట్టలో పనికొస్తుందా?

మేకులకు వస్తువులు తగిలించినంత మాత్రాన ఆపరేషన్‌ వస్తుందా అన్న అనుమానం సహజం. దీనికి 2002లో అమెరికాలోని యేల్‌ విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక పరీక్ష జవాబిచ్చింది. 16 మంది సర్జరీ రెసిడెంట్లను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టు కంప్యూటర్‌ అనుకరణ యంత్రంపై నిపుణుల స్థాయి అందుకునే వరకు సాధన చేసింది. రెండో జట్టు మామూలు శిక్షణతో సరిపెట్టుకుంది. తర్వాత ఇరు జట్లూ పర్యవేక్షణలో రోగులకు పిత్తాశయ ఆపరేషన్‌ చేశాయి. ఎవరు ఏ జట్టో తెలియని పరిశీలకులు వీడియోలు చూసి తప్పులు లెక్కించారు.

యంత్రంపై సాధన చేసినవారు పిత్తాశయాన్ని కాలేయం నుంచి వేరుచేసే పనిని 29 శాతం వేగంగా చేశారు. సాధన చేయనివారు పిత్తాశయాన్ని గాయపరచడం లేదా పక్కనున్న కణజాలాన్ని కాల్చడం అయిదు రెట్లు ఎక్కువగా జరిగింది. మొత్తంమీద వారి తప్పులు ఆరు రెట్లు ఎక్కువ. పరీక్ష చిన్నదే అయినా, యంత్రంపై అబ్బిన నేర్పు మనిషిపైకి బదిలీ అవుతుందని దీనితో రుజువైంది.

శుక్లం ఆపరేషన్‌కు మేక కన్ను

పల్లెల్లో అందరికీ తెలిసిన ఆపరేషన్‌ కంటి శుక్లానిది. కంటివైద్య విద్యార్థులు మాంసం దుకాణాల నుంచి తెచ్చిన మేక కళ్లపై కోత, కుట్టు సాధన చేయడం మన దేశంలో చిరకాలంగా ఉన్నదే. ఇటీవల కృత్రిమ కళ్లు, కంప్యూటర్‌ యంత్రాలు కూడా వచ్చాయి.

ఆఫ్రికాలోని కెన్యా, టాంజానియా, ఉగాండా, జింబాబ్వే దేశాల కంటివైద్య విద్యార్థులు 50 మందితో చేసిన ప్రయోగం ఫలితాలు 2021లో వెలువడ్డాయి. మన శిబిరాల్లో చేసే తరహా చిన్నకోత శుక్లం ఆపరేషన్‌నే ఇందులో ఎంచుకున్నారు. సగం మందికి ముమ్మరంగా అనుకరణ శిక్షణ ఇచ్చారు. మిగతావారికి ఆ శిక్షణను ఏడాది తర్వాత ఇచ్చారు. ఆ ఏడాదిలో రెండు జట్లూ చేసిన ఆపరేషన్లను పోల్చి చూస్తే, కటకం వెనుక ఉండే పలుచని పొర చిరిగిపోవడం శిక్షణ పొందినవారిలో 7.8 శాతం, పొందనివారిలో 26.6 శాతం. ఆ పొర చిరిగితే కంటిలో కటకం అమర్చడం కష్టమవుతుంది, చూపు తగ్గే ప్రమాదం పెరుగుతుంది. పరిమిత వనరులున్న దేశాల్లో వచ్చిన ఫలితం కనుక ఇది మనకు మరింత దగ్గరిది.

సుశ్రుతుడు చెప్పిన పాఠమే

ఇదంతా పాశ్చాత్యుల కొత్త పోకడ అనుకుంటే పొరపాటు. సుశ్రుత సంహితలో సూత్రస్థానం తొమ్మిదో అధ్యాయం పూర్తిగా ఈ సాధన గురించే. శాస్త్రమంతా చదివినా చేతిసాధన చేయని శిష్యుడు పనికి అర్హుడు కాడన్నది దాని సారాంశం. గుమ్మడి, సొర, దోస వంటి కాయలపై కోత నేర్చుకోవాలని, నీరు లేదా బురద నింపిన తోలుసంచిపై చీల్చడం, చచ్చిన పశువుల సిరలపైనా తామర తూడులపైనా పొడవడం, పురుగు తొలిచిన కర్రలో శలాక దించి లోతు తెలుసుకోవడం, పనస, మారేడు పండ్ల గుజ్జులోంచి గింజలు లాగడం, గుడ్డపైనా మెత్తని తోలుపైనా కుట్లు వేయడం, మనిషంత బొమ్మకు కట్లు కట్టడం సాధన చేయాలని అందులో ఉంది. సోరకాయతో మొదలైన ఆ పాఠమే నేడు పెట్టెలోకి, తెరమీదికి చేరింది.

యంత్రం ఉంటే చాలదు

అనుకరణ శిక్షణను సర్వరోగ నివారిణిగా భావించడమూ సరికాదు. దీనికి హద్దులున్నాయి. పెట్టెలో రక్తం చిమ్మదు. రక్తపోటు పడిపోదు. మత్తు వైద్యుడు హెచ్చరించడు. ఎప్పుడు కోయాలో, ఎప్పుడు కోయకూడదో, కష్టమని తెలిసిన క్షణాన గురువును పిలవాలా, పొట్ట తెరిచే పద్ధతికి మారాలా అన్న వివేకం రోగుల మధ్య, అనుభవజ్ఞుల పక్కన నిలబడితేనే అబ్బుతుంది. పెట్టె చేతిని సిద్ధం చేస్తుంది. ఆపరేషన్‌ గదిలో విద్యార్థి దృష్టి పరికరం కొస ఎటు పోతోందన్న దానిపై కాకుండా రోగి పరిస్థితిపై నిలవడానికి అది వీలు కల్పిస్తుంది.

సాధన చేయించే తీరు కూడా ముఖ్యమే. కెనడాలో 2006లో ప్రచురితమైన అధ్యయనంలో 38 మంది రెసిడెంట్లకు సన్నని రక్తనాళాలను కలిపి కుట్టడం నేర్పారు. కొందరికి నాలుగు పాఠాలూ ఒకే రోజున చెప్పారు. కొందరికి వారానికి ఒకటి చొప్పున చెప్పారు. నెల తర్వాత పరీక్షిస్తే వారానికొక పాఠం నేర్చినవారే మెరుగ్గా చేశారు. ఏడాదికొకసారి రెండు రోజుల వర్క్‌షాపు పెట్టి, ఫొటోలు దిగి, తలుపులు మూసేస్తే ఫలితం ఉండదని దీన్నిబట్టి గ్రహించవచ్చు. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పే గురువు పక్కన ఉండాలి. డ్యూటీలతో తీరిక దొరకని పీజీలకు సాధన కోసం వారంలో కొన్ని గంటలు ప్రత్యేకంగా కేటాయించాలి. సాధన ఆపితే నేర్పు మొద్దుబారుతుంది కనుక మధ్యమధ్య మళ్లీ పరీక్షించాలి.

ఖర్చు అడ్డంకి కాదు

కంప్యూటర్‌ ఆధారిత యంత్రాలు లక్షల రూపాయల ఖరీదు చేసే మాట నిజం. కానీ మొదటి మెట్టుకు అవి అక్కర్లేదు. మూత ఉన్న ప్లాస్టిక్‌ పెట్టె, చిన్న దీపం, కెమెరాకు బదులు మొబైల్‌ ఫోను, ఆసుపత్రిలో వాడి పక్కన పెట్టిన పరికరాలు ఉంటే బాక్స్‌ ట్రెయినర్‌ తయారవుతుంది. చేతి తొడుగు ముక్కపై కుట్లు, దారంతో ముడులు, మేక పేగులతో పేగు కలపడం, కోడి తొడపై చర్మం కుట్టడం సాధన చేయవచ్చు. ఇలాంటి పెట్టెలను యువ వైద్యులు పలు దేశాల్లో సొంతంగా తయారుచేసుకుంటున్నారు. జిల్లా ఆసుపత్రిలో ఒక చిన్న గది, ఒక బల్ల, తాళం చెవి పీజీల చేతికి అందే ఏర్పాటు ఉంటే మూడు నెలల కోసం వచ్చినవారు సైతం చేయి ఆరకుండా చూసుకోగలరు.

మన దేశంలో నిబంధనలూ ఈ దిశగానే ఉన్నాయి. 2019లో ఎంబీబీఎస్‌కు కొత్త పాఠ్యప్రణాళిక తెచ్చినప్పుడు ప్రతి వైద్య కళాశాలలో నైపుణ్య ప్రయోగశాల, అంటే స్కిల్‌ ల్యాబ్‌ ఉండాలని నిర్దేశించారు. గది ఉండటంతో సరిపోదు. అందులో ఎవరు ఎన్ని గంటలు సాధన చేశారు, ఏ స్థాయి అందుకున్నారు అన్నది నమోదు కావాలి. ఆ స్థాయి అందుకున్న తర్వాతే రోగి దగ్గరికి పంపడం ఒక నియమంగా మారాలి.

రోగి అడగవచ్చు

శస్త్రచికిత్సకు ముందు అంగీకార పత్రంపై వేలిముద్ర వేయించుకోవడం లాంఛనం కాదు. చికిత్స స్వరూపం, ప్రయోజనం, ముప్పు, ప్రత్యామ్నాయాలు రోగికి తగినంతగా తెలియజేసి పొందిన అంగీకారమే చెల్లుతుందని సుప్రీంకోర్టు 2008లో స్పష్టం చేసింది. ఆపరేషన్‌ ఎవరు చేస్తారు, చదువుకుంటున్న వైద్యులు ఏ భాగం చేస్తారు, సీనియర్‌ వైద్యుడు ఆ సమయంలో గదిలో ఉంటారా, ఈ పనిని వారు ముందుగా సాధన చేశారా అని మర్యాదగా అడగడానికి రోగి వెనుకాడనక్కర్లేదు.

అదే సమయంలో పీజీ వైద్యుడు చేయి వేయకూడదని పట్టుబట్టడం కూడా విజ్ఞత కాదు. ఈరోజు వారు నేర్చుకోకపోతే పదేళ్ల తర్వాత ఈ జిల్లాలో అర్ధరాత్రి పేగు చిట్లిన రోగికి ఆపరేషన్‌ చేసే వైద్యుడు ఉండడు. నేర్చుకోవడం ఆగకూడదు. ఆ నేర్పుకు పేదవాడి దేహం మూల్యం చెల్లించకూడదు. ఈ రెండింటి నడుమ ఉన్న దారి చవకైన ఒక పెట్టె, వారానికి కొన్ని గంటల సాధన, పక్కన నిలబడే ఒక గురువు. కళాశాలల యాజమాన్యాలు, ఆసుపత్రి అభివృద్ధి సంఘాలు, ఆరోగ్య శాఖ అధికారులు ఈ దిశగా తక్షణం దృష్టి సారించవలసిన అవసరం ఎంతైనా ఉంది.